భాష రాని వాళ్లే ఓటేశారు

ప్రశ్న: టీచరమ్మకు నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే నెల కడపలో కాలేజీల పాటల పోటీ ఉంది. వాళ్ల జేజి నేర్పిన కలుపు పాట పాడతానంటోంది. హిందీ పాటో, ఇంగ్లీషు పాటో అయితేనే జడ్జీలు పట్టించుకుంటారని మా అబ్బాయి అంటాడు. యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ యూరోవిజన్‌లో 2017లో పోర్చుగల్ సొంత భాషలో పాడి గెలవలేదా అని అమ్మాయి వాదన. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, జమ్మలమడుగు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజం. ఆ పాట మా మనవడి ఫోన్లో విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మూడుసార్లు పెట్టించుకున్నాను.

మీ అబ్బాయి మాటలోనూ కొంత నిజముంది. ఆ పోటీలో ఏ భాషలోనైనా పాడొచ్చని 1999లో నిబంధన సడలించాక చాలా దేశాలు ఇంగ్లీషు వైపు మళ్లాయి. పోర్చుగల్ 1964లో మొదటిసారి పాడినప్పుడు వచ్చింది సున్నా. ఆ తర్వాత యాభై ఏళ్లు దాటినా 1996లో ఆరో స్థానమే వాళ్లకు గొప్ప. అలాంటి దేశం 2017లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో 758 పాయింట్లతో గెలిచింది. జడ్జీల లెక్కలోనూ, జనం ఓట్లలోనూ మొదటి స్థానమే. అక్కడ ఎవరూ తమ దేశానికి తాము ఓటు వేసుకోకూడదు. అంటే వాళ్లను గెలిపించిన వాళ్లలో ఎక్కువమందికి పోర్చుగీసు రాదు!

పాడినతను సాల్వడార్ సోబ్రాల్. మాటలు, బాణీ వాళ్లక్క లూయిజావి. తమ్ముడికి గుండె జబ్బు ఉండటంతో కీవ్‌లో మొదటి రిహార్సల్స్‌లో అక్కే నిలబడి పాడింది. నువ్వు ప్రేమించలేకపోతే ఇద్దరి తరఫునా నేనే ప్రేమిస్తానన్నది ఆ పాటలో భావం. మూడు లెక్కల నడక, మెల్లగా సాగుతుంది. డాన్సర్లు లేరు, మంటలు లేవు. జనం మధ్యలో ఉన్న చిన్న వేదిక మీద వదులు కోటు వేసుకుని ఒక్కడే నిలబడ్డాడు. ప్రతి మాటనూ తన మాటలాగే పలికాడు. నన్ను పట్టేసింది అదే.

అయితే అమ్మాయికి ఇది కూడా చెప్పండి. మరుసటి ఏడాది పోటీ వాళ్ల లిస్బన్‌లోనే జరిగింది. మళ్లీ పోర్చుగీసులోనే పాడారు. ఫైనల్లో 26 పాటలుంటే 26వ స్థానం వచ్చింది. సొంత భాష అయినంత మాత్రాన ఎవరూ మార్కులు వేయరమ్మా.

చాలా ఏళ్ల కిందట నేనొక తప్పు చేశాను. పోటీకి వెళ్లే ఒక పిల్లకు, జడ్జీలు మెచ్చుకుంటారని, అర్థం తెలియని హిందీ పాట నేర్పాను. రెండో చరణంలో మాట మర్చిపోయి వేదిక మీదే ఏడ్చేసింది. తెలుగు పాటైతే ఏదో ఒక మాట అల్లుకుని దాటేసేది. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది.

అందుకే కలుపు పాటే పాడించండి. ముందు జేజి దగ్గర కూర్చోబెట్టి ప్రతి మాటకూ అర్థం అడిగించండి. ఏ చేలో, ఎవరితో కలిసి పాడేదో కూడా అడగమనండి. శ్రుతి మాత్రం జేజిది వద్దు, పిల్ల గొంతుకు సరిపడేది పెట్టుకోవాలి. పుస్తకాల భాషలోకి మార్చొద్దు, జమ్మలమడుగు యాస అలాగే ఉండనీండి. మన రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కూడా జోల పాటలు, సువ్వి పాటలు రాశాడు. చప్పట్ల కోసం వేగం పెంచొద్దు. మూడు నిమిషాలు చాలు, యూరోవిజన్‌లోనూ అంతకు మించనివ్వరు. కలుపు పాటంటే ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడాలి కదా, పోటీ వాళ్లు ఒప్పుకుంటే ఇద్దరు స్నేహితురాళ్లను పక్కన నిలబెట్టండి.

జేజి వయసెంతో మీరు రాయలేదు. ప్రయాణం చేయగలిగితే ఆమెను కడపకు తీసుకురండి, ముందు వరసలో కూర్చోబెట్టండి.