మూడెకరాలకు వరి నాట్ల మిషన్ కొంటే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: గాజువాకలో ఉద్యోగం చేస్తున్నాను. దేవరాపల్లి దగ్గర మాకు మూడెకరాల మడి ఉంది, నాన్నగారు చూసుకుంటారు. ఎకరాకి 25 బస్తాలు, ఖర్చు 32 వేలు. కళ్లంలోనే మద్దతు ధర కన్నా బస్తాకు 200 తక్కువకి షావుకారుకి అమ్మేస్తాం. ఎఫ్‌డీలో ఉన్న మూడున్నర లక్షలతో నాట్ల మిషన్ కొంటే ఉత్పాదకత పెరుగుతుందా? ఎకరాకి 5 వేల కూలి ఖర్చు తగ్గుతుందంటున్నారు.

జవాబు: వద్దండి. మిషన్ మంచిదే, మీ మూడెకరాలే దానికి చాలవు.

2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369, అంటే 75 కిలోల బస్తాకి దాదాపు 1,777 రూపాయలు. మీకు వచ్చేది 1,577. పాతిక బస్తాలకి 39,425, అందులో 32 వేలు ఖర్చు తీసేస్తే ఎకరాకి మిగిలేది 7,425, మూడెకరాలకి కలిపి 22,275. ఇందులో నాన్నగారి కష్టానికి కూలి కట్టలేదు, కడితే ఏమీ మిగలదు! మీ ఎఫ్‌డీకి ఆరున్నర శాతమే వస్తుందనుకున్నా ఏడాదికి 22,750 వడ్డీ. మిషన్ కొన్నరోజే ఆ వడ్డీ పోతుంది, బదులుగా మిగిలే కూలి 15 వేలు, అదీ డీజిల్, డ్రైవర్ ఖర్చులు తీయకముందు.

ఇక అరుగుదల, అంటే వాడకంతో ఏటా మిషన్ కోల్పోయే విలువ. ఎనిమిదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏటా 43,750. వడ్డీతో కలిపి 66,500. డీజిల్, డ్రైవర్‌కి ఎకరాకి 1,500 పోగా 3,500 మిగులుతుందనుకున్నా, ఏటా 19 ఎకరాలు నాటితేనే అసలు గిట్టుతుంది. ఊళ్లో నలుగురైదుగురు కలిసి కొంటే, లేదా మీరే అద్దెకి తిప్పగలిగితే అది వేరే లెక్క. కానీ గాజువాకలో డ్యూటీ చేసుకుంటూ ఉభాల (నాట్ల) సీజన్‌లో మిషన్ ఎవరు తిప్పుతారు? పైగా దానికి ట్రేల్లో నారు పెంచాలి, చిన్న మడుల్లో గట్టు గట్టుకీ తిప్పుకోవాలి.

దిగుబడి అనేది మిషన్ కన్నా అదనులో నాటడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. కూలీలు దొరక్క నారు ముదిరిపోతే పిలకలు తగ్గుతాయి, గింజ తగ్గుతుంది. మీ ఇబ్బంది అదే అయితే మిషన్ అద్దెకి మాట్లాడుకోండి, ముందే చెప్పి పెట్టుకోండి.

అసలు మీకు పోతున్న డబ్బు అమ్మకంలో ఉంది. 75 బస్తాల మీద 200 చొప్పున 15 వేలు, సరిగ్గా మిషన్ మిగులుస్తుందన్న మొత్తమే. హార్వెస్టర్‌తో కోయించగానే పచ్చి ధాన్యం ఇచ్చేస్తున్నారా? మద్దతు ధర ఇచ్చే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. రెండు బరకాలు కొని నాలుగు రోజులు ఆరబెట్టుకోండి. దాంతోపాటు నాన్నగారి పంట ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే చూసుకోండి, అమ్మేరోజు పరుగులు పెడితే లాభం లేదు.

ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. పెట్టుబడికి నాన్నగారి పేరున కిసాన్ క్రెడిట్ కార్డు లోన్ ఉంటే మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 4 శాతమే పడుతుంది. ఆ గడువు తేదీ మాత్రం మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, నాన్నగారి మీద వదిలేయకండి.