బూడాన్ చేయబోతున్న అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

మార్డీ గ్రా పండక్కి డల్లాస్‌లో నీ స్నేహితులందరికీ బూడాన్, అదే పంది మాంసం, కార్జం, అన్నం కలిపి పేగులో కూరే ఇక్కడి లూసియానా సాసేజి, చేసి పెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. విని చాలా సంతోషపడ్డాను. మా ఊరు లఫాయెట్ వచ్చినప్పుడల్లా స్కాట్ ఊరి దగ్గర ఐ-10 హైవే దిగి, వేడివేడిగా కొనుక్కుని, కారు బానెట్ మీదే కాగితం పరుచుకుని తినేవాడివి. ఆ రుచి ఇంట్లో కూడా వస్తుంది. కారం, మిరియాలు ఎవరైనా సరిచూసుకోగలరు. బూడాన్ బాగా కుదరడమంతా తడి దగ్గర ఉంది. లోపలి ముద్ద ఎంత జారుగా కలిపావన్నదే అసలు సంగతి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ వంట పుట్టిందెలాగో తెలిస్తే అందులో ఏది ఎందుకు పడుతుందో నీకే అర్థమవుతుంది. 1755లో బ్రిటిష్ వాళ్లు నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల్లో కొందరు 1760లలో లూసియానా చేరి స్థిరపడ్డారు. వాళ్ల సంతతినే ఇక్కడ కేజన్లు అంటారు, ఈ వంట వాళ్లదే. ఫ్రిజ్ లేని రోజుల్లో చలికాలం రాగానే ఇరుగుపొరుగంతా కలిసి ఒక ఇంట్లో పందిని కోసేవాళ్లు. దాన్ని బూషరీ అంటారు. కొవ్వు కాచి దాచేవాళ్లు, కొంత మాంసం పొగబెట్టేవాళ్లు. కార్జం మాత్రం నిలవ ఉండదు, ఆ రోజే తినెయ్యాలి. దాన్ని తునకలూ ముక్కలతో కలిపి ఉడికించి, పదిమందికీ సరిపడేలా అన్నం చేర్చి పేగులో కూరేవాళ్లు. క్రౌలీ చుట్టుపక్కల ఈనాటికీ వరి మళ్లే. అన్నం పడే సాసేజి ఇక్కడ పుట్టడంలో వింతేమీ లేదు.

సరుకులు చెబుతాను. మాంసం మూడు పౌన్లు, అంటే కిలోన్నరకి కాస్త తక్కువ. అమెరికా కొట్లలో పోర్క్ బట్ అని అమ్మేది పంది భుజం మాంసమే. అదే తీసుకో, కొవ్వు తియ్యకు. కార్జం అర పౌను. అంతకు మించితే చేదు పైకి తేలుతుంది, మరీ తగ్గిస్తే అది బూడాన్ కాదు, మాంసం కలిపిన అన్నం. రెండు ఉల్లిపాయలు, రెండు సెలరీ కాడలు, ఒక క్యాప్సికం, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు. ఉల్లికాడలు పెద్ద కట్ట ఒకటి, పార్స్‌లీ ఒక గుప్పెడు. రెండు కప్పుల బియ్యం వండితే ఆరు కప్పుల అన్నం వస్తుంది, అది చాలు. బాస్మతి వద్దు, పలుకుపలుకుగా విడిపోతుంది. లూసియానా మీడియం గ్రెయిన్ దొరికితే సరేసరి, మెతుకు మెతుకుని కాస్త అంటుకుంటుంది.

ధనియాల పొడి, గరం మసాలా, అల్లం ముద్ద జోలికి పోకు. చెయ్యి లాగుతుందని తెలుసు. మసాలా పడగానే కార్జం, ఉల్లికాడల రుచి కింద పడిపోతుంది. ఇక్కడి వాళ్లకి ఎర్ర కారం, మిరియాలు, వెల్లుల్లి, ఇంతే.

మాంసాన్ని పెద్ద ముక్కలు కోసి, ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం, వెల్లుల్లి, కొంచెం ఉప్పు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి సన్నటి సెగ మీద పెట్టు. వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తబడాలి, దానికి రెండు గంటలైనా పడుతుంది. కుక్కర్‌లో పెట్టి విజిళ్లు వేయించకు, నెమ్మదిగానే ఉడకనీ. కార్జం చివరి ఇరవై నిమిషాల్లో వెయ్యి. మొదట్నుంచీ ఉడికితే ఇసుకలా గరగరలాడుతుంది. దించాక నీళ్లు వడకట్టి జాగ్రత్తగా పక్కన పెట్టు. ఒక్క చుక్క పారబొయ్యకు.

మాంసం, కూరముక్కలు కీమా మిషన్‌లో పెద్ద చిల్లుల బిళ్ల పెట్టి తిప్పు. కార్జానికి సన్న చిల్లులైతే మేలు, ముక్కగా తగలకుండా అంతటా కలిసిపోతుంది. మిషన్ లేకపోతే కత్తితో తరిగినా పరవాలేదు. మిక్సీలో మాత్రం వెయ్యకు, పేస్టు అయిపోతుంది.

ఇక కలపడం. వెడల్పు బేసినులో మాంసం, వేడి అన్నం, సన్నగా తరిగిన పచ్చి ఉల్లికాడలు, పార్స్‌లీ, రెండు టీ స్పూన్ల కారం, రెండు టీ స్పూన్ల మిరియాల పొడి వేసి, దాచిన నీళ్లు గరిటెడు గరిటెడు పోస్తూ కలుపు. కనీసం రెండు కప్పులు పడతాయి. ఇది ఎక్కువైపోయిందేమో అనిపించే దాకా పొయ్యి. మధ్యాహ్నం డబ్బాలోకి పొద్దున్నే దద్దోజనం కలిపేటప్పుడు తినేదానికంటే పలచగా కలుపుతాం చూడు, అన్నం పీల్చుకుంటుందని, అచ్చం అలాగే. గరిటెతో ఎత్తితే ముద్దగా నిలబడకుండా జారి పడాలి. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడు, బిగిస్తే ఇంకో గరిటె పొయ్యి. కొట్లో కొన్న బూడాన్ కొరకగానే నోట్లోకి జారేది ఈ నీళ్ల వల్లే.

అప్పుడే రుచి చూసుకో. పచ్చి మాంసంతో చేసే సాసేజికి ఈ సుఖం లేదు, ఇక్కడ అంతా ఉడికిందే. ఉప్పు మొత్తం మీద రెండు పెద్ద చెంచాల దాకా పట్టొచ్చు, కొద్దికొద్దిగా వేస్తూ చూడు. వేడి మీద ఒక పిసరు ఎక్కువగా ఉండనీ, చల్లారాక తగ్గినట్టు అనిపిస్తుంది.

పేగులు ఉప్పులో ఊరేసి అమ్ముతారు, 32 నుంచి 35 మిల్లీమీటర్ల పంది పేగు అడుగు. ఈ కొలతకి పదిహేను అడుగులు దగ్గరుంటే ఇబ్బంది ఉండదు. గోరువెచ్చని నీళ్లలో ఓ అరగంట నానబెట్టి, ఒక చివర వేళ్లతో తెరిచి కుళాయికి తొడిగి సన్నగా నీళ్లు వదులు. పేగు సింకులో పాములా ఉబ్బుకుంటూ సాగుతుంది. ఎక్కడ చిల్లుంటే అక్కడ నీళ్లు సూదిలా చిమ్ముతాయి. అక్కడ కోసేసి ఆ ముక్క పక్కన పెట్టు. తర్వాత తడిగానే స్టఫర్, అంటే పేగులో ముద్ద కూరే మిషన్, గొట్టానికి తొడిగి, ఒక చేత్తో ముద్ద తోస్తూ రెండో చేత్తో పేగుని వదులుతూ పో. బిగుతుగా నింపకు. నొక్కితే లోపలికి దిగేంత వదులుండాలి, లేకపోతే వేడికి చీలుతుంది. స్టఫర్ కొనకపోతే వెడల్పు మూతి గరాటుతో, చెంచా వెనక భాగంతో తోసినా పనవుతుంది, కాకపోతే ఇద్దరుండాలి. జానెడు జానెడుకి మెలితిప్పు.

నీళ్లు మరిగించి వెయ్యకు. 170 ఫారన్‌హీట్ దగ్గర, అంటే 77 సెల్సియస్, ఆవిరి లేస్తూ బుడగలు రాకుండా ఉన్నప్పుడు వేసి పది, పదిహేను నిమిషాలు ఉంచు. లోపల 165, అంటే 74 సెల్సియస్ చూపించాలి. థర్మామీటర్ కొనుక్కో నాన్నా, అంచనాలతో పని కాదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అన్నం, కార్జం కలిసిన వంట బయట ఉంచితే తొందరగా పాడవుతుంది. అన్నంలో బతికుండే సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పార్టీలో పళ్లెంలో పెట్టి సాయంత్రమంతా వదిలెయ్యకు. వేడిగా తినండి, మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, మూడు నాలుగు రోజుల్లో ముగించు. ముందుగా చేసుకుంటే ఐసు నీళ్లలో చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టు.

ఆండూయి అనే పొగబెట్టిన సాసేజి కూడా చేస్తానంటున్నావట. అది వేరే పని. లాప్లాస్ ఊళ్లో లావు పేగులో పెద్దపెద్ద ముక్కలు కూరి గంటల తరబడి పొగబెడతారు. అంతసేపు తక్కువ వేడిలో ఉండే మాంసానికి నైట్రైట్ కలిసిన క్యూరింగ్ ఉప్పు తప్పనిసరి, ఐదు పౌన్లకి ఒక టీ స్పూను తలకొట్టి, అంతకు మించి వద్దు. దాన్ని పింక్ సాల్ట్ అంటారు. మన ఇళ్లలో వాడే సైంధవ లవణం కూడా గులాబీ రంగే, కానీ ఒకదానికొకటి ఏమాత్రం సంబంధం లేదు. సైంధవ లవణం వేస్తే ఆ పొగబెట్టిన మాంసానికి రక్షణ ఉండదు. క్యూరింగ్ ఉప్పు పొరపాటున కూరలో పడితే ప్రాణం మీదికొస్తుంది. డబ్బా మీద పేరు తెలుగులో కూడా రాసి వేరే అరలో పెట్టు. ఈసారికి బూడాన్ ఒక్కటే చెయ్యమని నా మాట.

నీ స్నేహితుల్లో పంది మాంసం తినని వాళ్లుంటారు. వాళ్లకి ముందే చెప్పు. రొయ్యలతోనో క్రాఫిష్‌తోనో చేసిన బూడాన్‌కి కూడా సాధారణంగా తొడుగు పంది పేగే ఉంటుంది. చాలామందికి ఆ ఊహ రాదు. వాళ్ల కోసం కోడి తొడ మాంసం, కోడి కార్జంతో విడిగా కలిపి, ఆ ముద్దని ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి ఉండలు చుట్టు. గుడ్డులో ముంచి రొట్టెపొడిలో దొర్లించి వేయించు. ఇక్కడ ఉండలకీ అంతే గిరాకీ. వాటికి వేరే నూనె, వేరే గిన్నెలు వాడు.

తినే తీరు నీకు తెలిసిందే, ఒక కొస కొరికి లోపలిది నోట్లోకి నొక్కుకోవడం, పక్కన ఉప్పు బిస్కెట్లు. తోలు తినాలన్న నియమం లేదని కొత్తవాళ్లకి చెప్పు.

మిగిలిన పేగుకి మళ్లీ ఉప్పు దట్టంగా పట్టించి మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచు, నెలల తరబడి ఉంటుంది. శనివారం పొద్దున్నే మొదలుపెడతావు కదా, కలిపాక ఒకసారి ఫోన్ చేసి వీడియోలో గరిటె ఎత్తి చూపించు.

మీ పెద్దమ్మ