బడికి సెలవులు, మనకు డ్యూటీ

ప్రశ్న: మా వారిది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నాది దువ్వాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో జనరల్ షిఫ్టు, అంటే పగటి డ్యూటీ. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. తుపానుకు బడి రేకులు ఎగిరిపోయాయి, మరమ్మతులకు నెలన్నర పడుతుందంటున్నారు. ఇంట్లో అత్తగారున్నారు గానీ ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఎలా నెట్టుకురావాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు కాగితం మీద ఉదయం ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటలు వేసుకోండి. ఒక్కో గంట ఎదురుగా, ఆ సమయానికి మెలకువగా ఉండే పెద్దవాళ్ల పేరు రాయండి. ‘ఎ’ (ఉదయం) షిఫ్టు వారంలో మీవారు మూడింటికల్లా ఇంటికొస్తారు. ‘బి’ (మధ్యాహ్నం) షిఫ్టులో మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఉంటారు. ‘సి’ (రాత్రి) షిఫ్టులో పొద్దున్న ఏడింటికి వచ్చి పడుకుంటారు కాబట్టి ఆయన నిద్రపోయే గంటల్ని లెక్కలో వేయకండి. చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. నాన్న ఉన్నాడు కదా అని తల్లి వెళ్లిపోతుంది, ఆయన గాఢనిద్రలో ఉండగా పిల్లాడు గడియ తీసుకుని వీధిలోకి వెళ్తాడు. మీ సెలవులు మొదటి వారంలోనే వాడేయకుండా సి షిఫ్టు వారానికి దాచుకోండి.

అత్తగారు కూర్చుని కథ చెప్పగలరు, అన్నం తినిపించగలరు. పరుగెత్తే పిల్లాడి వెనక వెళ్లలేరు. వరసగా రెండు గంటలకు మించి ఆవిడ మీద పెట్టకండి. పాపకు బాబును అప్పజెప్పడం అసలే వద్దు. తొమ్మిదేళ్ల పిల్లకే ఇంకొకరు తోడుండాలి. పైగా రేపు బడి తెరిచాక కూడా ‘తమ్ముణ్ణి చూసుకో’ అని మాన్పించే అలవాటు ఆడపిల్లల విషయంలోనే మొదలవుతుంది.

మిగిలిన ఖాళీకి మీ వీధిలో మూడు ఇళ్లు కలిసి ఒక ఆయాను పెట్టుకోండి. జీతం ఇంటికింత అని సమానంగా పంచుకుంటే పది రోజుల్లో మాటలొస్తాయి. పిల్లల గంటల్ని బట్టి పంచండి. ఉదాహరణకు వారానికి ఒక ఇంటి పిల్లలవి 40 గంటలు, రెండో ఇంటివి 30, మూడో ఇంటివి 20 అయితే, జీతం 9,000 అనుకుంటే వాటాలు 4,000, 3,000, 2,000. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరి గంటలూ కలపాలి. జ్వరమున్న పిల్లల్ని పంపకూడదని, ఎవరొస్తే పిల్లల్ని అప్పగించాలో ముందే రాసివ్వాలని మొదటి రోజే ఒప్పుకోండి.

వంటకు బడి భోజనం కొలతే పనికొస్తుంది: ప్రైమరీ పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 150, 30.

మీ కంపెనీలో క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు) ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ పెట్టాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. క్రెష్‌లో సాధారణంగా ఆరేళ్లలోపు వారినే తీసుకుంటారు కాబట్టి బాబుకు కుదరవచ్చు, పాపకు కుదరదు.

ప్రశ్న: నేను మధురవాడలో కట్టుబడి పనికి వెళ్తాను. పిల్లాడికి పన్నెండేళ్లు. సైటుకు తీసుకెళ్లనా, ఇంట్లో ఉంచనా?

జవాబు: సైటు వద్దమ్మా. మూతలేని సంపులు, లిఫ్టు గొయ్యి, పైనుంచి పడే సెంట్రింగు చెక్కలు ఉంటాయి. తడి సిమెంటు తగిలినా చర్మం కాలుతుంది. ఇంట్లో ఉంచితే గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, ఉదయమే వండిపెట్టి వెళ్లండి. బడి మధ్యాహ్న భోజనం ఆగితే బదులుగా ఏమిస్తారో హెడ్‌మాస్టరుగారిని అడగండి. కరోనా కాలంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకే చేర్చారు.

ఈ వయసు మగపిల్లలు నలుగురు కలిస్తే గెడ్డకో (వాగుకో) బీచికో వెళ్తారు. ఆర్‌కే బీచి వైపు అలల లోపలి లాగుడు ఈత వచ్చినవాళ్లనూ వదలదు, ఈ మాట భయపెట్టకుండానే గట్టిగా చెప్పండి. 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల సాయం) నంబర్లు గోడమీద రాయండి. పదకొండింటికి, ఒంటిగంటకు, మూడింటికి ఫోన్ చేయండి. రెండుసార్లు ఎత్తకపోతే వెంటనే వెళ్లి చూసేలా పక్కింటివాళ్లతో మాట్లాడి, తాళం ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి.