సమాధానం: ఫుకుషిమా అడవి పుట్టగొడుగులు పిల్లలకు పెట్టవచ్చా?

నమస్కారమండీ. పరీక్షలో కిలోకు 80 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) రేడియోధార్మిక సీజియం తేలిన పుట్టగొడుగులను మీ ఐదేళ్ల పాపకు పెట్టవచ్చా అని, జపాన్ మొదట 500గా ఉంచిన పరిమితిని 100కు ఎందుకు తగ్గించిందని మీరు అడిగారు.

500 అనేది 2011లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన వెంటనే పెట్టిన తాత్కాలిక పరిమితి. 2012 ఏప్రిల్‌లో, ఆహారం, నీటి ద్వారా అందే అదనపు రేడియేషన్ మోతాదు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (శరీరంపై రేడియేషన్ ప్రభావాన్ని కొలిచే ప్రమాణం) దాటకూడదన్న లెక్కతో, తినే ఆహారంలో సగం కలుషితమైందని ఊహించి, వయసుల వారీగా పరిమితులు గణించారు. అన్నిటికన్నా తక్కువగా, 13–18 ఏళ్ల అబ్బాయిలకు 120 వచ్చింది. దాన్ని ఇంకా తగ్గించి సాధారణ ఆహారానికి 100, పాలకు, పసిపిల్లల ఆహారానికి 50, తాగునీటికి 10 అని నిర్ణయించారు.

మీ పాప 100 గ్రాములు తింటే శరీరంలోకి చేరేది 8 బెక్వెరెల్, అంటే 0.1 మైక్రోసీవర్ట్ కంటే తక్కువ (మైక్రోసీవర్ట్ అంటే మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు). సీజియం పిల్లల శరీరం నుంచి పెద్దలకన్నా త్వరగా బయటకు పోతుంది. అణు ప్రమాదాల్లో వెలువడే మరో రేడియోధార్మిక పదార్థం అయోడిన్-131 సంగతి వేరు: అది థైరాయిడ్‌లో పోగవుతుంది, 1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తరువాత కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగింది అందుకే. అయితే దాని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) 8 రోజులే కనుక ఫుకుషిమా అయోడిన్ ఇప్పుడు మిగలలేదు.

కాబట్టి ఈ ఒక్క పూటకు భయపడనక్కర్లేదు. కానీ ఒకే కొండమీద కోసినవాటిలోనూ సీజియం చాలా తేడాగా ఉంటుంది. పరీక్షించని అడవి పుట్టగొడుగులను, ఎంత ఆప్యాయంగా ఇచ్చినా, దయచేసి వండకండి.