పది గంటల గోలకు గంట కొట్టవద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పిల్లల ఇష్టాన్ని బట్టి నడిచే ప్రీస్కూలులో వచ్చే వారం చేరుతున్నానని, పిల్లలే నడుపుకునే చోట టీచరుకు పనేముంటుందో తోచడం లేదని రాశావు. ఈ సందేహం మొదట్లో నాకూ ఉండేది. పని ఉంటుంది; అయితే అందులో సగం బడి తెరవకముందే పూర్తి కావాలి.

కనుక పిల్లలకంటే అరగంట ముందే వెళ్లు. నేలమీద కూర్చుని, నాలుగేళ్ల పిల్లవాడి కంటి ఎత్తు నుంచి గదిని ఒకసారి చూడు. అరలోని ప్రతి వస్తువూ వాడి చేతికి అందుతుందా, పళ్లెంలోని సామగ్రిలో ఒక్క ముక్కైనా తగ్గిందా, నీళ్ల కూజా పక్కన తుడుచుకునే గుడ్డ ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇలాంటి బడులకు బాట వేసిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తొలి బాలగృహాన్ని, అంటే చిన్నపిల్లల బడిని, తెరిచినప్పుడు సామగ్రి అంతా బీరువాలో ఉండేది. ఒకనాడు టీచరు తాళం వేయడం మరచిపోగా, ఆ టీచరు వచ్చేసరికే పిల్లలు తమకు కావలసినవి తీసుకుని పనిలో పడ్డారు. పిల్లలకు అందే పొట్టి అరలు ఆ తరువాత వచ్చినవే.

పిల్లలు రాగానే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించు. చెప్పులు విప్పడం, సంచి తగిలించడం వాళ్లే చూసుకుంటారు. ఆపైన దాదాపు మూడు గంటలు నీళ్లు పోయడమో, గుండీలు పెట్టడమో, ఎవరికి నచ్చిన పని వారిది. ఆకలైనవారు ఆకలైనప్పుడే చిన్న బల్ల దగ్గర కూర్చుని తింటారు కాబట్టి అందరినీ ఆపి వరుసలో నిలబెట్టనక్కరలేదు.

నిన్ను కంగారుపెట్టేది పది గంటల వేళ. పని మొదలైన గంటకో గంటన్నరకో గదిలో ఉన్నట్టుండి గోల లేస్తుంది. ఒకడు చాప మడవకుండా లేచిపోతాడు, ఇద్దరు కిటికీ దగ్గర తోసుకుంటారు, ఇంకొకతె అరల మధ్య ఊరికే తిరుగుతుంది. పాపం అలసిపోయారు, గంట కొట్టి పాటకు పిలుద్దామనిపిస్తుంది. పిలవవద్దు. మాంటిస్సోరి దీనిని ఉత్తుత్తి అలసటగానే గుర్తించారు. కాసేపు ఓపిక పడితే చాలామంది పిల్లలు పొద్దున తీసుకున్నదానికంటే కష్టమైన పని ఎంచుకుని అందులో మునిగిపోతారు. మొదటి ఏడాదంతా నేను రోజూ ఆ వేళకే గంట కొట్టి, పైగా మా పిల్లలకు ఏకాగ్రత లేదని పెద్ద టీచరు దగ్గర వాపోయేదాన్ని.

ఓపిక పట్టమన్నాను గాని, పట్టించుకోవద్దనలేదు. తనకు గాని, తోటివారికి గాని, వస్తువుకు గాని హాని జరుగుతుంటే వెంటనే వెళ్లి, గొంతు పెంచకుండా ఆపాలి. ఏ పనీ ముట్టని పిల్ల కనిపిస్తే పక్కన కూర్చుని రెండంటే రెండు పనులు చూపించి ఎంచుకోమను. నీకేం కావాలని అడిగితే మూడేళ్ల పిల్ల తెల్లముఖం వేస్తుంది.

మిగతా వేళల్లో చేతులు కట్టుకుని చూడు, ఇది చెప్పినంత సులువు కాదు. ఒక పిల్లవాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నాలుగో గుండీతో పావుగంట తంటాలు పడుతుంటే, చూడలేక నేను పెట్టేశాను. వాడు ఏడవలేదు, నావైపు చూడనూ లేదు. నాలుగూ విప్పేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

భోజనం, నిద్ర, ఆరుబయట ఆట నీకు తెలిసినవే. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక మాత్రం పది నిమిషాలు కూర్చుని నోటుపుస్తకంలో చూసింది చూసినట్టు రాయి. ‘బాగా ఆడాడు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘కూజాలో నీళ్లు నాలుగు గ్లాసుల్లోకి పన్నెండుసార్లు పోశాడు, రెండుసార్లు ఒలికితే తానే తుడిచాడు’ అని రాస్తే, మరునాడు ఆ కూజా పక్కన ఒక సన్నమూతి సీసా, గరాటు పెట్టాలని నీకే తోస్తుంది.

ఇట్లు,
నీ పెద్దత్త