అత్తామామల్ని జిబ్బన్‌కి తీసుకెళ్ళే ముందు ఇది చదువు

అమ్మలూ,

అత్తయ్యగారినీ మామయ్యగారినీ సిడ్నీలో ఓపెరా హౌస్ తిప్పడం అయిపోయింది, ఇంకా మాల్స్ చుట్టూ తిప్పితే వాళ్ళకే విసుగొస్తుంది, అడవీ సముద్రమూ రెండూ ఉన్న చోటేదైనా చెప్పు పెద్దమ్మా అన్నావు కదా. సిడ్నీకి దక్షిణాన రాయల్ నేషనల్ పార్క్‌లో బండీనా ఊరి పక్కనున్న జిబ్బన్ బీచ్‌కి తీసుకెళ్ళు. మీ ఆయన ఫోన్లో చూపించిన ఆ తెల్లరాయి, వెడ్డింగ్ కేక్ రాక్, దాని మాట మర్చిపోండి. అది విరిగిపడే ప్రమాదం ఉందనే 2015లో కంచె కట్టారు, ఆ కంచె దూకి మరీ ఫొటోలు దిగే బుద్ధిమంతులు ఇంకా ఉన్నారనుకో. సముద్రపు ఒడ్డు బండల్లోని నీటిగుంటలు, ఫిగర్ ఎయిట్ పూల్స్ కూడా వద్దు, అక్కడ ఉన్నట్టుండి వచ్చిన అలలకి బండల మీద ఒరుసుకుపోయి దెబ్బలు తగిలించుకున్నవాళ్ళు చాలామంది. డెబ్బై దగ్గరపడ్డ పెద్దవాళ్ళతో వెళ్ళేది అలాంటి చోట్లకి కాదు.

కారు కన్నా రైలూ బోటే మేలు, మామయ్యగారికి సగం సరదా అందులోనే ఉంటుంది. వెంట్‌వర్త్‌విల్‌లో ఎక్కి సెంట్రల్‌లో మారి క్రొనల్లా రైలు పట్టుకోండి, అదే ఆఖరి స్టేషన్, బోటు రేవు స్టేషన్‌కి దగ్గరే. పోర్ట్ హ్యాకింగ్ నీళ్ళ మీదుగా ఓ అరగంటలో బండీనా చేరతారు. వారాంతాల్లో ట్రాక్ పనులని రైళ్ళు ఆపేసి బస్సులు నడుపుతుంటారు, ముందు రోజు రాత్రే చూసుకో. బోటు గంటకొకటి లెక్కన ఉంటుంది, అందుకని దిగగానే తిరుగు బోటు టైములు ఫొటో తీసి పెట్టుకో, మీ రోజంతా దాన్ని బట్టే నడవాలి.

ఎండ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్తా. మనవాళ్ళు వేడిని బట్టి ఎండని కొలుస్తారు, ఒంటికి చల్లగా ఉంటే ఎండ లేదనే అనుకుంటారు, విజయవాడ ఎండలు చూసినవాళ్ళకి ఇదెంత అంటారు మామయ్యగారు, చూస్తూ ఉండు. ఇక్కడ చూడాల్సింది యూవీ ఇండెక్స్, అంటే చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల కొలత, అది 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే టోపీ, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే, వేసవిలో అది 11 కూడా దాటుతుంది, గాలి చల్లగా ఉన్న రోజున కూడా. పైగా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, జిబ్బన్ బీచ్ కూడా ఉత్తరం వైపే చూస్తుంది, అంటే ఎండ సరిగ్గా మొహానికే కొడుతుంది, నీడ కావాలంటే వెనకాల చెట్ల కిందికి వెళ్ళాల్సిందే. అందుకే పొద్దున్నే బయల్దేరి పదకొండున్నరకల్లా నడక ముగించండి. అత్తయ్యగారు సన్‌స్క్రీన్ జిడ్డని వద్దంటారు, అయినా మెడ వెనకా పాదాల మీదా నువ్వే రాయి.

బోటు దిగాక ఊళ్ళోంచి తూర్పుగా ఓ పది నిమిషాలు నడిస్తే బీచ్. అలలు పెద్దగా ఉండవు, అయినా లైఫ్‌గార్డులు ఉండరు, ఈతకి భద్రమైన చోటు చూపే ఎర్ర పసుపు జెండాలు ఉండవు, కనుక మోకాళ్ళ లోతు చాలు. ఇసుక చివరిదాకా నడిచాక దారి బుష్‌లోకి, అంటే పొదల అడవిలోకి ఎక్కుతుంది, అక్కడే ఇక్కడి ఆదివాసులైన ధరావల్ ప్రజలు ఇసుకరాతి బండ మీద చెక్కిన బొమ్మలున్నాయి: తిమింగలం, కంగారూ, ఓ మనిషి ఆకారం. బండ మీద అడుగు పెట్టకుండా చూసేందుకు వేదిక కట్టారు. నడినెత్తిన ఎండ ఉంటే గీతలు సరిగా కనబడవు, ఏటవాలు వెలుగులోనే తేలతాయి, పొద్దున్నే వెళ్ళమన్నది ఇందుక్కూడా. మామయ్యగారు చరిత్ర మాస్టారు కదా, అమెరికాలో ఎల్లోస్టోన్‌ని 1872లో నేషనల్ పార్కు చేస్తే ఈ రాయల్ పార్కుని 1879లో చేశారని చెప్పు, ఇక ఇంటికొచ్చేదాకా ఆయనే మాట్లాడతారు.

అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకెళ్తే సముద్రంలోకి పొడుచుకొచ్చిన జిబ్బన్ హెడ్, ఎదురుగా పసిఫిక్ సముద్రం. జూన్, జూలైల్లో అయితే తిమింగలాలు ఉత్తరానికి పోతూ కనిపించొచ్చు, ఓపిగ్గా కూర్చోవాలంతే. మొత్తం చుట్టు తిరిగితే 5 కిలోమీటర్ల దాకా వస్తుంది, కానీ మీరు అంత తిరగక్కర్లేదు, వెళ్ళిన దారినే వెనక్కి రండి. చుట్టు పూర్తి చేయాలని పంతం పడితే అత్తయ్యగారి మోకాళ్ళు రెండు రోజులు పడకెక్కిస్తాయి.

చీర, హవాయి చెప్పులు వద్దని మెల్లగా చెప్పు, పంజాబీ డ్రెస్, మేజోళ్ళు, షూ అయితే మంచిది. టిక్స్ అని మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివి పొదల్లో ఉంటాయి, దారి వదలకపోతే చాలావరకు బాధ లేదు. పట్టుకుంటే గోళ్ళతో పీకొద్దు, దాన్ని గడ్డకట్టించే స్ప్రే ఫార్మసీలో దొరుకుతుంది, ఒకటి కొని బ్యాగులో వేసుకో. పాము కనిపిస్తే ఆగి దాన్ని పోనివ్వండి. బాబుని మాత్రం బండల మధ్య నీటిగుంటల్లో చెయ్యి పెట్టనివ్వకు, నీలి ఉంగరాల చిన్న ఆక్టోపస్ ఉంటుంది, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, కాటుకి విరుగుడు మందు లేదు. ఏదైనా జరిగితే 000కి ఫోన్ చెయ్యి, ఇక్కడి అత్యవసర నంబరు అదే.

పులిహోర, పెరుగన్నం ఎలాగూ కడతావు, నీళ్ళు మనిషికి లీటరున్నర తక్కువ కాకుండా పట్టుకెళ్ళు, దారిలో కుళాయిలుండవు. పక్షులకి మెతుకులు వేయొద్దు, అత్తయ్యగారు కాకికి పెట్టినట్టు పెట్టబోతారు. చెత్తంతా మళ్ళీ మీ సంచిలోనే రావాలి, గవ్వలు కాదు. మామయ్యగారి బీపీ మాత్రలు పొద్దున్న ఇంట్లోనే వేయించు, బోటులో గుర్తొస్తే లాభం లేదు.

ఉంటా,
పెద్దమ్మ