మట్టిలో దొరికిన నులిపురుగు కొత్త జాతేనా?

ప్రశ్న: మట్టి నమూనాలో మైనపు పురుగు లార్వాలను ఉంచితే అవి చచ్చాయి, వాటినుంచి నులిపురుగులు వచ్చాయి. వాటి డీఎన్‌ఏలో జాతులను గుర్తించడానికి పోల్చే ఐటీఎస్ భాగం తెలిసిన ఏ జాతితోనూ పూర్తిగా కలవడం లేదు. కొత్త జాతిగా ప్రకటించవచ్చా? వాటి పేగులోని బ్యాక్టీరియా కూడా కొత్తదే అవుతుందా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే ప్రకటించకండి. చచ్చిన లార్వా మీదికి కుళ్ళు తిని బతికే నులిపురుగులూ చేరతాయి కాబట్టి, మీకు దొరికినవాటిని ఆరోగ్యమైన లార్వాల మీద వదిలి, అవి చచ్చాక మళ్ళీ అవే వెలువడ్డాయని ముందుగా రూఢి చేసుకోవాలి. లార్వా ఇటుక ఎరుపుకు తిరిగి చీకట్లో మసకగా వెలిగితే హెటెరోరాబ్డిటిస్ అనీ, గోధుమ రంగుకు తిరిగితే స్టైనర్‌నీమా అనీ (రెండూ పురుగులను చంపే నులిపురుగుల ప్రజాతులు) మొదటి అంచనాకు రావచ్చు, అంచనాకే సుమా.

ఐటీఎస్ ప్రతులు ఒకే నులిపురుగులో సైతం కొద్దిగా తేడాగా ఉండవచ్చు కనుక, 28ఎస్ జన్యువులోని డీ2-డీ3 భాగాన్నీ, మైటోకాండ్రియా జన్యువునూ చదివించండి. మగవాటి స్పికూల్స్ (జతకట్టే అవయవాలు) ఆకారాన్ని, నులిపురుగు పిల్లల పొడవును, తోకను కొలిచి దగ్గరి జాతులతో పోల్చండి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం సంకరణ పరీక్ష: దగ్గరి జాతితో జతకట్టించినప్పుడు సంతానం కలగకపోయినా, కలిగిన సంతానం గొడ్డుబోయినా మీ వాదానికి బలం చేకూరుతుంది. హెటెరోరాబ్డిటిస్ మొదటి తరం ఉభయలింగి, తనంతట తానే పిల్లలను కంటుంది; దానితో ఈ పరీక్ష చేస్తే ఫలితం మోసం చేస్తుంది, రెండో తరం ఆడవాటినే తీసుకోవాలి.

ఇక బ్యాక్టీరియా. స్టైనర్‌నీమాతో జెనోరాబ్డస్, హెటెరోరాబ్డిటిస్‌తో ఫోటోరాబ్డస్ జీవిస్తాయి. అయితే జెనోరాబ్డస్ బొవియెనీ అనే ఒక్క జాతే పలు స్టైనర్‌నీమా జాతుల్లో ఉంది కాబట్టి, నులిపురుగు కొత్తదైనంత మాత్రాన బ్యాక్టీరియా కొత్తదైపోదు. దాని పూర్తి జన్యుపటాన్ని చదివించి, దగ్గరి జాతితో సగటు న్యూక్లియోటైడ్ పోలిక (రెండింటి డీఎన్‌ఏ అక్షరాలు ఎంతవరకు కలుస్తాయన్న లెక్క) సుమారు 95-96 శాతం కన్నా తక్కువైతేనే వేరు జాతి అనే మాట ఎత్తండి.

పేర్లు పెట్టే నియమాలూ రెండింటికీ వేర్వేరు. నులిపురుగుకు ఒక హోలోటైప్‌ను, అంటే జాతి పేరుకు ప్రామాణికంగా నిలిచే ఒక్క నమూనాను ఎంచుకుంటారు, అది చాలావరకు గాజు పలక మీద భద్రపరచిన మృత నమూనా. బ్యాక్టీరియాకు మాత్రం బతికున్న టైప్ స్ట్రెయిన్‌ను (జాతికి ప్రామాణికమైన బ్యాక్టీరియా పెంపకాన్ని) రెండు వేర్వేరు దేశాల్లోని సేకరణ కేంద్రాల్లో దాచాలి. ప్రయోగశాలలో ఎక్కువకాలం పెంచితే ఈ బ్యాక్టీరియా, పెంచే మాధ్యమంలో కలిపిన రంగును పీల్చని రెండో రూపంలోకి మారిపోవచ్చు కనుక, నులిపురుగుల కొలతలు పూర్తయ్యేదాకా ఆగకుండా, వేరుచేసిన వెంటనే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచండి.